గ్రేట్ డేన్ పెద్దదా, మాస్టిఫ్ పెద్దదా?

ప్రశ్న: మా ఇంట్లో రెండు నెలలుగా ఒకటే వాదన. నాకు గ్రేట్ డేన్ అంటే ప్రాణం. అన్నయ్యేమో ఇంగ్లిష్ మాస్టిఫ్ తెద్దామంటాడు. "లోకంలోకెల్లా పెద్ద కుక్క డేనే" అని నేనంటే, "మాస్టిఫ్ పక్కన నిలబెడితే అది ఎముకల గూడు" అంటాడు. నేను చదివినవాటిలో సగం డేన్ పెద్దదంటాయి, సగం మాస్టిఫ్ పెద్దదంటాయి. ఇంతకీ ఏది పెద్దది? ఇంకో సంగతి. డేన్ పిల్లల్ని అమ్మే ఒకాయన, తన దగ్గరున్న మగపిల్ల పెరిగితే 40 అంగుళాల ఎత్తు, 100 కిలోల బరువు అవుతుందని గట్టిగా చెబుతున్నాడు. నమ్మొచ్చా? మాది పెద్ద ఇల్లేమీ కాదు. ఇంట్లో ఉండేది నేను, అన్నయ్య, అరవై దాటిన అమ్మ. ఈ రెండిట్లో ఏది మాకు ఇముడుతుందో చెప్పండి.
ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీరు చెప్పేదీ నిజమే, మీ అన్నయ్య చెప్పేదీ నిజమే. ఎత్తులో డేన్ పెద్దది. బరువులో మాస్టిఫ్ పెద్దది. మన భాషలో "ఒడ్డూ పొడుగూ" అని రెండిటినీ కలిపి అనేస్తాం గానీ, ఈ రెండు జాతుల్లో అవి విడిపోయాయి. పొడుగు డేన్‌కి వెళ్లింది, ఒడ్డు మాస్టిఫ్‌కి వెళ్లింది. మీరు చదివినవాళ్లలో ఒకరు టేపు పట్టుకుని చూశారు, ఇంకొకరు తూకం దగ్గర నిలబడి చూశారు. అందుకే సమాధానాలు వేరయ్యాయి.

ఇక్కడితో ఆపేస్తే మీ వాదన తీరుతుంది గానీ, ఇంటికి ఏ పిల్లను తెచ్చుకోవాలో తేలదు. అందుకని అంకెల్లోకి కొంచెం లోతుగా వెళ్దాం.

ముందు ఎత్తు ఎక్కడ కొలుస్తారో చెప్పాలి. చాలామంది కుక్క తల పైదాకా కొలుస్తారు. అది లెక్కలోకి రాదు. తల ఎత్తితే ఒకలా, దించితే ఒకలా ఉంటుంది కాబట్టి, కదలని చోటు ఒకటి కావాలి. ఆ చోటు మూపు. ఎద్దుకు కాడి ఆనే చోటు ఎక్కడో, కుక్కకూ అక్కడే. మెడ అయిపోయి వీపు మొదలయ్యే దగ్గర, రెండు భుజం పలకలు పైకొచ్చి దగ్గరయ్యే మిట్ట. నేల నుంచి ఆ మిట్ట దాకా నిటారుగా ఎంతుంటే అదే కుక్క ఎత్తు. జాతి ప్రమాణం అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో కెన్నెల్ క్లబ్బులు రాసిపెట్టుకున్నది. అందులో ఎత్తని ఏ అంకె కనిపించినా అది మూపు ఎత్తే.

మేం పెంచిన ఆడ డేన్‌ను మొదటిసారి కొలిచిన రోజు నాకు బాగా గుర్తుంది. దాన్ని హాలు మధ్యలో నిలబెట్టి, కుట్టుపని టేపు మూపు మీద పెట్టి, ఒంటిని ఆనించి కాలి దాకా జార్చాను. 33 అంగుళాలు వచ్చింది. ఇల్లంతా పండగ. వారం తర్వాత టీకాకు తీసుకెళ్తే పశువైద్యురాలు దాన్ని గోడ పక్కన నిలబెట్టారు. నాలుగు కాళ్లూ ఒంటి కింద నిటారుగా ఉండేలా సర్ది, చెక్క స్కేలును మూపు మీద అడ్డంగా ఆనించి, అది గోడకు తగిలిన చోట పెన్సిల్‌తో గీత పెట్టారు. కుక్క పక్కకు జరిగాక నేల నుంచి గీత దాకా కొలిస్తే 31 అంగుళాలు. నేను ఎక్కువ చూసిన రెండంగుళాలు దాని భుజం వంపువి. టేపు ఒంటి వంపుల వెంట నడిచింది, ఎత్తు మాత్రం గాల్లో నిటారుగా ఉంటుంది. "మా కుక్క 38 అంగుళాలు", "మాది 40" అని మనం వినే కొలతల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే. అబద్ధమాడాలని కాదు, ప్రేమకొద్దీ టేపు కొంచెం వదులుగా పట్టుకుంటాం.

ఇప్పుడు ప్రమాణాలు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో మగ గ్రేట్ డేన్ 30 అంగుళాలకు తగ్గకూడదు, 32 దాటితే మంచిదంటారు. ఆడది 28కి తగ్గకూడదు, 30 దాటితే మంచిది. జర్మనీ ఈ జాతికి సొంత దేశం. అక్కడి ప్రమాణాన్నే కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ పాటిస్తుంది. అందులో మగదానికి 80 నుంచి 90 సెంటీమీటర్లు, ఆడదానికి 72 నుంచి 84. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఎఫ్‌సీఐ పై హద్దు కూడా పెట్టింది. 90 సెంటీమీటర్లంటే సుమారు 35న్నర అంగుళాలు. ఈ జాతిని పుట్టించిన దేశమే మగదానికి ఇంతకు మించి వద్దంటోంది. మీకు పిల్లను అమ్మజూపినాయన చెప్పే 40 అంగుళాలు అంటే 101 సెంటీమీటర్ల పైమాట. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మాస్టిఫ్ విషయంలో అమెరికన్ ప్రమాణం మగదానికి కనీసం 30 అంగుళాలు, ఆడదానికి కనీసం 27న్నర అంటుంది. చూశారా, మగవాటి కనీస ఎత్తు రెండు జాతులకూ ఒకటే, 30. అంటే 31 అంగుళాల డేన్, 31 అంగుళాల మాస్టిఫ్ పక్కపక్కన నిలబడటం అరుదైన సంగతేమీ కాదు. వాటి మూపుల మీద ఒక పలక పెడితే బల్లలా చదునుగా నిలుస్తుంది. కానీ వాటిని తూకం ఎక్కించండి. మామూలు మగ డేన్ 63 నుంచి 79 కిలోల మధ్య తూగుతుంది. మామూలు మగ మాస్టిఫ్ 73 నుంచి 104 కిలోలు. ఆడవాటిలో డేన్ 50 నుంచి 63, మాస్టిఫ్ 54 నుంచి 77.

ఈ అంకెల్ని ఇంకోలా కూడా చదవొచ్చు. ఆడ మాస్టిఫ్, మగ డేన్ దాదాపు ఒకే బరువులో ఉంటాయి. అంటే ఏ జాతి అన్నదానితో పాటు ఆడా మగా అన్నది కూడా పరిమాణాన్ని అంతే గట్టిగా మారుస్తుంది. ఒకే కాన్పులో పుట్టిన అన్నాచెల్లెళ్ల మధ్య పెద్దయ్యాక 15 కిలోల తేడా వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ సంగతి పట్టించుకోకుండా జాతి పేరు మీదే వాదించుకుంటుంటారు.

ఎత్తు ఒకటే అయినప్పుడు మాస్టిఫ్‌లో ఆ ఎక్కువ కిలోలు ఎక్కడ దాక్కున్నాయి? దీన్ని కళ్లారా చూడాలంటే రెండిటినీ పక్క నుంచి కాదు, ఎదురుగా నిలబడి చూడాలి. డేన్ ఎదురుగా సన్నగా కనిపిస్తుంది. ఛాతీ లోతుగా ముందుకాళ్ల మోచేతుల దాకా దిగుతుంది గానీ వెడల్పు తక్కువ. పడవ అడుగులా ఉంటుంది. వెనక్కి వెళ్లేకొద్దీ పొట్ట పైకి లాక్కుపోయి ఉంటుంది. ఎత్తులో చెప్పుకోదగ్గ భాగం కాళ్లదే. పక్క నుంచి చూస్తే మగ డేన్ ఒంటి పొడవు, ఎత్తు సమానంగా, చతురస్రంలా ఉంటుంది. అడవిపందిని తరిమి పట్టుకోవడానికి జర్మనీలో తయారైన జాతి అది. బలమూ కావాలి, పరుగూ కావాలి. బరువైన మాస్టిఫ్ తరహా కుక్కల రక్తంలో గ్రేహౌండ్ లాంటి పరుగు కుక్కల రక్తం కలిసి ఆ ఆకారం వచ్చింది. డెన్మార్క్‌కూ దానికీ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు.

మాస్టిఫ్ కథ వేరు. దాని ప్రమాణంలో నాకు చాలా నచ్చిన మాట ఒకటుంది. ఈ కుక్క ఎత్తు కాళ్ల పొడవు వల్ల కాదు, ఒంటి లోతు వల్ల రావాలట. జాతి మొత్తం ఆ మాటలోనే ఉంది. ఛాతీ వెడల్పుగా, గుండ్రంగా, ముందుకాళ్ల మధ్య నుంచి బాన దించినట్టు దిగి ఉంటుంది. పక్కటెముకలు బాగా వెనకదాకా వెళ్తాయి. ఒళ్లు ఎత్తుకన్నా పొడవు. తల వెడల్పు, మూతి పొట్టి, నుదుటి మీద ముడతలు, కిందికి వేలాడే పెదాలు. తాడిచెట్టూ మర్రిమానూ ఒకే ఎత్తున్నా మొదలు చుట్టూ చేతులు చాపి పట్టుకుంటే తేడా తెలుస్తుందే, అలాగన్నమాట.

మాస్టిఫ్ అనగానే జాగ్రత్తపడాల్సిన చోటు కూడా ఒకటుంది. ఆ పేరు తోకలా తగిలించుకున్న జాతులు చాలా ఉన్నాయి. టిబెటన్ మాస్టిఫ్ వేరు, నియాపాలిటన్ మాస్టిఫ్ వేరు. బుల్‌మాస్టిఫ్ అయితే బాగా చిన్నది, మగది 25 నుంచి 27 అంగుళాలు, 50 నుంచి 59 కిలోలు. మీ అన్నయ్య మనసులో ఉన్నది ఇంగ్లిష్ మాస్టిఫే అయితే ఆ మాట స్పష్టంగా అడిగి తీసుకోవాలి. అలాగే మీ తృప్తి కోసం ఇంకో ముక్క. ఎత్తులో డేన్‌కి అసలు పోటీ మాస్టిఫ్ కాదు, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్. దాని మగవాటికి అమెరికన్ ప్రమాణంలో కనీస ఎత్తే 32 అంగుళాలు, డేన్ కన్నా రెండంగుళాలు ఎక్కువ. అయినా అత్యంత ఎత్తైన కుక్కగా రికార్డుకెక్కింది మాత్రం డేనే.

రికార్డుల దగ్గరికి వచ్చాం కాబట్టి మూడు కుక్కల గురించి చెబుతాను. మీ వాదన మొత్తం ఆ మూడిట్లో ఉంది.

మొదటిది జ్యూస్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన మగ డేన్. 2011 అక్టోబరులో గిన్నిస్ వాళ్ల కోసం కొలిస్తే మూపు దగ్గర 44 అంగుళాలు, అంటే 111.8 సెంటీమీటర్లు వచ్చింది. బరువు 70 కిలోలు. రెండోది జెయింట్ జార్జ్, ఆరిజోనాకు చెందిన మగ డేన్. 2010 ఫిబ్రవరిలో కొలిస్తే 43 అంగుళాలు. జ్యూస్ కన్నా ఒక్క అంగుళం పొట్టి. కానీ బరువు 111 కిలోలు! ఒకే జాతి, దాదాపు ఒకే ఎత్తు, అయినా మధ్యలో 40 కిలోల తేడా. మూడోది జోర్బా, లండన్‌కు చెందిన మాస్టిఫ్. 1989లో దాని బరువు 155 కిలోలు దాటింది. ముక్కు కొస నుంచి తోక కొస దాకా రెండున్నర మీటర్లు. మరి ఎత్తు? 35 అంగుళాలు, అంతే. మంచి ఎత్తున్న మగ డేన్ పక్కన నిలబెడితే సరిసమానం.

జ్యూస్‌నీ జోర్బానీ ఊహలో పక్కపక్కన నిలబెట్టి చూడండి. జ్యూస్ మూపు జోర్బా కన్నా తొమ్మిదంగుళాలు పైన ఉంటుంది. జోర్బా బరువులో సగం కూడా జ్యూస్‌కు లేదు. ఇప్పుడు ఏది పెద్దది? మీ ఇంటి వాదన వీటితో తేలకపోతే ఇంక దేనితోనూ తేలదు.

కానీ ఈ అంకెలు చూసి మురిసిపోయే ముందు ఇంకో అంకె చూడాలి. జ్యూస్ 2014లో, ఆరేళ్లు నిండకుండానే చనిపోయింది. జార్జ్ ఎనిమిదో పుట్టినరోజుకు నెల ముందు, 2013లో వెళ్లిపోయింది. మామూలుగా డేన్ ఆయుర్దాయం 7 నుంచి 10 ఏళ్లు అంటారు, మాస్టిఫ్‌ది 6 నుంచి 10. చిన్న జాతులు 14, 15 ఏళ్లు బతుకుతుంటే ఇవి అందులో సగానికే అలిసిపోతాయి. గిన్నిస్ వాళ్లు బరువైన పెంపుడు జంతువుల రికార్డులు తీసుకోవడం ఎప్పుడో మానేశారు. రికార్డు కోసం జనం మూగజీవాలకు కుక్కి కుక్కి పెడతారన్న భయంతోనే.

పెద్దదనానికి ఒళ్లు చెల్లించే మూల్యం ఎందుకంత ఎక్కువో చిన్న లెక్కతో చూపిస్తాను. ఆకారం మారకుండా ఒక కుక్క ఎత్తు పదో వంతు పెరిగిందనుకోండి, 80 సెంటీమీటర్ల నుంచి 88కి. బరువు కూడా పదో వంతే పెరుగుతుందనుకుంటాం. కాదు. ఎత్తుతో పాటు పొడవూ వెడల్పూ కూడా పదో వంతు చొప్పున పెరుగుతాయి కాబట్టి, బరువు మూడో వంతు పెరుగుతుంది. 60 కిలోల కుక్క 80 కిలోలవుతుంది. ఆ బరువు మోసే కాలి ఎముక మందం చూస్తే, దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం ఐదో వంతే పెరుగుతుంది. బరువు ముందు పరిగెడుతుంది, ఎముక వెనకబడుతుంది. ఒక్కో అంగుళం పెరిగేకొద్దీ ఈ ఎడం ఇంకా పెరుగుతుంది. ఈ భారీ జాతుల్లో తుంటి కీళ్లు అరగడం, మోచేతి కీళ్ల నొప్పులు, ఎముక క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తాయి. డేన్‌లలో గుండె కండరం పలచబడి సాగిపోయే జబ్బు, మెడ వెన్నుపూసలు నొక్కుకుని కాళ్లు తడబడే జబ్బు కూడా ఎక్కువే.

అందుకే ఆ 40 అంగుళాల పిల్ల సంగతి. నమ్మకండి. అసాధ్యమని కాదు, 40 దాటినవి లోకంలో ఉన్నాయి. కానీ అవి రికార్డు పుస్తకానికెక్కాయంటేనే ఎంత అరుదో తెలుస్తోంది కదా. ఎనిమిది వారాల పిల్లను చూసి అది 40 అంగుళాలవుతుందని చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. పాదాలు లావుగా ఉన్నాయి, ముందుకాలి కీళ్లు ఉబ్బుగా ఉన్నాయి అని చూపిస్తారు. ఆ వయసు డేన్ పిల్లలన్నిటికీ అలాగే ఉంటాయి. ఎముక పెరిగే పొర అక్కడ చురుగ్గా ఉంటుంది కాబట్టి.

ఇంకో భయం కూడా ఉంది. 40 అంగుళాలు, 100 కిలోలు అని మాటిచ్చినాయన, మీరు పిల్లను ఇంటికి తెచ్చాక "బాగా పెట్టండి, కాల్షియం పొడి కలపండి, అప్పుడే ఎముక లాగుతుంది" అని కూడా చెప్పొచ్చు. ఆ సలహా వినకండి, ఇది మాత్రం నేను బతిమాలి చెబుతున్నాను. పుట్టినప్పుడు అర కిలో పైన ఉండే డేన్ పిల్ల ఏడాదికి దాదాపు నూరు రెట్లవుతుంది. మనిషి బిడ్డ అదే ఏడాదిలో మూడు రెట్లవుతుంది. అంత వేగంలో ఉన్న ఎముకను ఇంకా తొందరపెడితే అది పొడవుగా కాదు, వంకరగా పెరుగుతుంది. 1980లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో సరిగ్గా గ్రేట్ డేన్ పిల్లలమీదే దీన్ని పరీక్షించారు. కాల్షియం ఎక్కువ తిన్న పిల్లల్లో ఎముకల పెరుగుదల దెబ్బతింది. పెద్ద కుక్క ఒంట్లో కాల్షియం ఎక్కువైతే పేగు తీసుకోవడం తగ్గించుకుంటుంది. చిన్నపిల్లకు ఆ నేర్పు ఇంకా ఉండదు, పెట్టిందంతా పీల్చేసుకుంటుంది. అందుకని పెద్ద జాతి పిల్లల కోసమే తయారైన తిండి పెట్టండి, దానిమీద ఏ పొడీ కలపకండి. పిల్లను సన్నగానే పెరగనివ్వండి. పక్కల మీద చెయ్యి వేస్తే పక్కటెముకలు వేళ్లకు తెలియాలి. సన్నగా పెంచితే పొట్టిదైపోదు. ఎంత ఎత్తవ్వాలో తల్లిదండ్రుల నుంచి తెచ్చుకునే ఉంటుంది. నిదానంగా అక్కడికి చేరుతుంది, అంతే.

ఎదుగుదలలో కూడా ఈ రెండిటికీ తేడా ఉంది. రెండూ ఏడాదికి దాదాపు ఎత్తంతా వచ్చేస్తాయి. తర్వాత ఒళ్లు నిండుతుంది. డేన్ రెండేళ్లకు చాలావరకు కుదురుకుంటుంది. మాస్టిఫ్ మూడేళ్లదాకా వెడల్పు అవుతూనే ఉంటుంది. ఏడాది మాస్టిఫ్‌ను చూసి "ఇంతేనా" అనుకున్నవాళ్లు మూడో ఏట దాని మెడపట్టీ మార్చాల్సి వస్తుంది.

ఇక మీ ఇల్లు. ఎత్తు ఇంట్లో ఒక రకంగా తగులుతుంది, బరువు ఇంకో రకంగా తగులుతుంది. మా డేన్ భోజనాల బల్ల దగ్గరికి వచ్చి, కాళ్లు ఎత్తే పనే లేకుండా, గడ్డం తీసుకొచ్చి నా పళ్లెం పక్కన పెట్టేది. చూపులో ఏ దొంగతనమూ ఉండదు, తన గడ్డం పెట్టుకునే చోటు అదే అన్నట్టు. తోక సరిగ్గా టీపాయ్ ఎత్తులో ఊగుతుంది. ఆనందం వచ్చిందంటే దానిమీదున్నవన్నీ నేలకే. అదే తోక గోడకు కొట్టుకుని కొస చిట్లి రక్తం వస్తుంది. మాది వరండా గోడ మీద నా నడుమెత్తున ఎర్రటి చుక్కల వరుస వేసింది. ఆ పుండు మానేదాకా దూది చుట్టడం, అది విప్పేసుకోవడం, మళ్లీ చుట్టడం, ఆరు వారాలు పట్టింది. సన్నటి నడవాలో అది వెనక్కి తిరగలేక నాలుగడుగులు వెనక్కి నడిచి వచ్చేది. ఇవన్నీ పొడుగు వల్ల వచ్చేవి. సర్దుకోగలిగినవి.

బరువు తెచ్చే కష్టం వేరు. మాస్టిఫ్ నెమ్మదైన కుక్క. రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటుంది, డేన్ కన్నా చోటు తక్కువే అడుగుతుందనిపిస్తుంది. చొంగ మాత్రం విపరీతం. ఒక స్నేహితురాలి మాస్టిఫ్‌ను నేను పది రోజులు చూసుకున్నాను. నీళ్లు తాగి తల విదిలిస్తే గోడ మీద జిగురు తీగలు పడేవి. భుజం మీద ఎప్పుడూ ఒక తువాలు వేసుకుని తిరిగేదాన్ని. అది కాదు కష్టం. ఒక రాత్రి అది గుమ్మానికి అడ్డంగా పడుకుని గాఢంగా నిద్రపోయింది. దాని కాలికి ఏదో గుచ్చుకుని చీరుకుపోయిందని పొద్దున చూశాను. వాచిన పాదం కింద మోపలేక లేవనంటుంది. 86 కిలోలు. నేను ఒక్కదాన్ని. ఎటు పట్టుకుని ఎలా లేపాలో తెలియలేదు. పక్కింటి ఇద్దరు వచ్చి దుప్పటి కిందికి తోసి, నాలుగు కొసలూ పట్టుకుని బండిలోకి ఎక్కించాం.

మా డేన్ ఆఖరి నాలుగు నెలలు వెనక కాళ్లు పట్టు తప్పాయి. పొద్దున్నే దాని పొట్ట కింద నుంచి తువాలు దూర్చి, రెండు కొసలూ పైకి పట్టుకుని, "లే తల్లీ" అంటే ముందుకాళ్ల మీద తను లేచేది, వెనక భాగం నేను మోసేదాన్ని. 52 కిలోల కుక్క, సగం బరువు తనది, సగం నాది. కష్టంగానే అయినా జరిగింది. దాని స్థానంలో 90 కిలోల మాస్టిఫ్ ఉంటే నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. అందుకే ఎవరైనా పరిమాణం గురించి అడిగితే, ఆ కుక్క మూపు ఎత్తు కన్నా ముందు, అది లేవలేని రోజు దాని బరువెంత అన్నది ఆలోచించమంటాను. మీరూ అన్నయ్యా ఉద్యోగాలకు వెళ్తే పగలు ఇంట్లో ఉండేది అమ్మే కదా.

అమ్మగారి కోణంలో ఇంకో మాట. డేన్‌లకు మనిషికి ఆనుకుని నిలబడే అలవాటుంది. ముద్దుగా వచ్చి తొడకు ఒరిగి బరువంతా వదిలేస్తుంది. మనం ఎదురుచూడకపోతే రెండడుగులు తూలతాం. రెండు జాతుల్లో దేన్ని తెచ్చినా, పట్టీ లాగకుండా పక్కన నడవడం, మీద పడకుండా కూర్చోవడం ఆరు నెలల లోపే నేర్పాలి. ఆ వయసులో అది ఇంకా మీ చేతి బలానికి లొంగుతుంది. తర్వాత లొంగేది మీ మాటకే, బలానికి కాదు. నేర్పాక కూడా రోడ్డు మీదికి అమ్మగారిని ఒంటరిగా పట్టీతో పంపకండి.

డేన్ వైపు మొగ్గేటట్టయితే తెలుసుకోవాల్సిన పెద్ద ప్రమాదం పొట్ట మెలిపడటం. లోతైన, సన్నటి ఛాతీలో కడుపు గాలితో ఉబ్బి తనచుట్టూ తాను తిరిగిపోతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధనల్లో ఈ ముప్పు ఎక్కువున్న జాతుల్లో డేన్ ముందువరుసలో నిలిచింది. కుక్క నిలకడ లేకుండా తిరగడం, వాంతి చేయబోతే ఏమీ రాకపోవడం, పొట్ట డోలులా బిగిసిపోవడం చూస్తే ఆ క్షణమే ఆసుపత్రికి పరిగెత్తాలి. గంటల్లో ప్రాణం పోతుంది. పొడుగు కుక్క కదా అని గిన్నెను ఎత్తు మీద పెట్టమని చాలామంది చెబుతారు. అదే విశ్వవిద్యాలయం 2000లో వెలువరించిన ఫలితాల్లో ఎత్తు గిన్నెలతో ముప్పు పెరిగినట్టు తేలింది కాబట్టి నేను నేల మీదే పెట్టేదాన్ని. రోజు తిండి రెండు మూడు పూటలుగా పంచండి, తినగానే పరుగులు పెట్టనివ్వకండి. ఆడదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే కడుపును లోపలి గోడకు కుట్టేయించుకోవచ్చు. ఆ కుట్టు వేస్తే కడుపు ఉబ్బినా తిరగబడే ప్రమాదం చాలా తగ్గుతుంది.

మీరు చెప్పినంతలో, మీ ఇంటికి నా మనసు ఆడ డేన్ వైపు మొగ్గుతోంది. ఎత్తు మీరు కోరినట్టే ఉంటుంది, 30 అంగుళాల అటూఇటుగా. బరువు 50 నుంచి 60 కిలోల మధ్య ఆగుతుంది. మీరూ అన్నయ్యా చెరోవైపు పట్టుకుంటే బండిలోకి ఎక్కించగలరు. అన్నయ్యకు మాస్టిఫ్ మీద మనసు అంతగా ఉంటే ఆడ మాస్టిఫ్ గురించి మాట్లాడుకోండి, మగదాన్ని మాత్రం ఈ ఇంటికి నేను వద్దంటాను.

పిల్లను చూడటానికి వెళ్లేటప్పుడు టేపు, చిన్న చెక్క స్కేలు సంచిలో వేసుకోండి. పిల్లను కాదు, ముందు తల్లిని చూపించమనండి. వీలైతే తండ్రినీ. గోడ పక్కన నిలబెట్టి నేను చెప్పినట్టు గీత పెట్టి మీరే కొలవండి. వాటి వయసెంత, వాటి తల్లిదండ్రులు ఎన్నేళ్లు బతికాయి, దేనితో పోయాయి, గుండెకూ తుంటికీ పరీక్షలు చేయించారా, కాగితాలు ఉన్నాయా అని అడగండి. 40 అంగుళాల గురించి అడగకపోయినా చెప్పినాయన వీటికి ఏం చెబుతాడో వినండి. వెళ్లేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. ఆ తల్లి కుక్క వచ్చి ఆమెకు ఆనుకుని నిలబడినప్పుడు ఆమె తట్టుకుని నిలబడగలుగుతున్నారా, వెనక్కి జరుగుతున్నారా, చెయ్యి దాని మెడ మీదికి దానంతటదే వెళ్తోందా, అది మీ ఇద్దరూ పక్కన నిలబడి చూడండి.